జపనీస్ నేర్చుకునే తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు: మాటలు, వ్యాకరణం, వినడం

ఆదివారాలు పది పన్నెండు మందిమి కూర్చుని జపనీస్ చదువుకుంటాం. ఉద్యోగం కోసం వచ్చేవాళ్లు, పై చదువులకి జపాన్ వెళ్లాలనుకునేవాళ్లు, యానిమే మీద ఇష్టంతో మొదలుపెట్టినవాళ్లు, అందరూ ఉంటారు. కొత్తగా ఎవరు చేరినా అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. జపనీస్ మాటలు కూడా తెలుగు లిపిలోనే రాశాను. హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం మన లిపిలో స్పష్టంగా కనిపిస్తాయి. హిరగాన, కతకాన, కంజీ అనే లిపుల పేర్లు మాత్రం మనకి అలవాటైనట్టు రాశాను, మిగతావి రాసింది రాసినట్టు చదవండి.

## మొదలుపెట్టే ముందు

జపనీస్ చాలా కష్టమైన భాష అంటారు కదా, నాకు వస్తుందా?

ఆ మాట ఎక్కువగా ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ల అనుభవం నుంచి వచ్చింది. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకి భాషలు నేర్పే సంస్థ, జపనీస్‌కి సుమారు 2,200 క్లాసు గంటలు పడుతుందని లెక్క వేసింది. అది ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లకి వేసిన లెక్క, మనకి కాదు.

ఈ వాక్యం చూడండి: "వతశి వ కినో కొనొ హొన్ ఒ కైమశిత." మాటకి మాట పెడితే: నేను, నిన్న, ఈ, పుస్తకం, ని, కొన్నాను. వరస ఒక్క చోట కూడా మార్చక్కర్లేదు. ఇంగ్లిష్‌వాళ్లు నెలల తరబడి కుస్తీ పట్టే వాక్యనిర్మాణం మనకి పుట్టుకతోనే ఉంది. మనకి నిజంగా టైమ్ పట్టేవి రెండు: చైనా నుంచి వచ్చిన కంజీ లిపి, మాటల సంఖ్య. వాటికి తెలివికంటే ఓపిక ఎక్కువ కావాలి.

తెలుగు, జపనీస్ చుట్టాలా? ఇంత దగ్గరగా ఎందుకున్నాయి?

చుట్టాలని రుజువు కాలేదు. జపాన్ భాషావేత్త ఓనొ సుసుము జపనీస్‌కీ తమిళానికీ సంబంధం ఉందని వాదించారు. ఎక్కువమంది భాషావేత్తలు ఒప్పుకోలేదు. క్రియ చివర రావడం, విభక్తులు నామవాచకం తర్వాత అతుక్కోవడం లాంటి లక్షణాలు టర్కిష్, కొరియన్ లాంటి చాలా భాషల్లో కూడా ఉన్నాయి. చుట్టరికం సంగతి ఎలా ఉన్నా, ఆ పోలికని వాడుకోవడానికి మనకి అడ్డేమీ లేదు.

ఏ పుస్తకం కొనాలి? తెలుగులో ఏమైనా ఉందా?

క్లాసుల్లో ఎక్కువగా వాడేది "మిన్న నొ నిహొంగొ". ప్రాథమిక స్థాయిలో మొత్తం 50 పాఠాలు. జేఎల్‌పీటీ అనే జపనీస్ పరీక్షలో అన్నిటికంటే కింది స్థాయి ఎన్5, దాని పైది ఎన్4. మొదటి 25 అటూ ఇటూగా ఎన్5కి, తర్వాతి 25 ఎన్4కి సరిపోతాయి. డబ్బు పెట్టలేనివాళ్లకి జపాన్ ఫౌండేషన్ తయారుచేసిన "ఇరొదొరి" ఉంది. పుస్తకం, ఆడియో రెండూ ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. జపాన్‌లో పనిచేయబోయేవాళ్లకి పనికొచ్చే సందర్భాలతో ఉంటుంది.

వివరణలు ఇంగ్లిష్‌లో ఉన్న పుస్తకమైనా పర్వాలేదు. కానీ ప్రతి వాక్యం పక్కన పెన్సిల్‌తో తెలుగు అర్థం రాసుకోండి. ఇంగ్లిష్ మీదుగా వెళ్తే వాక్యాన్ని తలకిందులు చేసి, మళ్లీ తిప్పి పెట్టాలి. తెలుగు మీదుగా వెళ్తే ఆ పనే ఉండదు. ఈ పేజీలో మీరు ఒక్క సలహా మాత్రమే పాటిస్తానంటే, ఇది పాటించండి.

ఉద్యోగం చేస్తున్నాను. రోజుకి ఎంతసేపు చదవాలి?

45 నిమిషాలు చాలు, కానీ ప్రతిరోజూ. 15 నిమిషాలు మాటల కార్డులు, 20 నిమిషాలు వ్యాకరణం, 10 నిమిషాలు వినడం. ఆదివారం ఒక్కరోజే ఆరు గంటలు కూర్చునేవాళ్లు ఎక్కువ దూరం వెళ్లడం నేను చూడలేదు.

## అక్షరాలు, శబ్దాలు

హిరగాన, కతకాన ఎన్ని రోజుల్లో నేర్చుకోవాలి? రోమన్ అక్షరాలతో సర్దుకోవచ్చా?

ఇవి జపనీస్ అక్షరమాలలు: సొంత మాటలకి హిరగాన, ఇంగ్లిష్ లాంటి బయటి మాటలకి కతకాన. ఒక్కోదానిలో మూల అక్షరాలు 46. రెండూ కలిపి మూడు వారాలు పెట్టుకోండి. రోమన్ అక్షరాలు మొదటి వారం దాటాక వదిలేయండి, ఎందుకంటే అవి దీర్ఘాల్ని దాచేస్తాయి.

వరస విని చూడండి: అ, ఇ, ఉ, ఎ, ఒ. తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. మన క, చ, త, న, ప, మ, య, ర, వ వరసే ఇది. బౌద్ధంతో పాటు సంస్కృత అక్షరాల అధ్యయనం జపాన్ చేరింది, అక్కడి అక్షరాల పట్టిక ఆ పద్ధతిలో కుదిరింది. 'హ' వరస 'ప' స్థానంలో ఎందుకుందంటే, ప్రాచీన జపనీస్‌లో ఆ శబ్దం 'ప'గా పలికేది. డిక్షనరీలో మాట వెతికేటప్పుడు ఈ వరస మనకి చిన్నప్పటి నుంచి వచ్చిందే.

'త్సు' పలకడం రావట్లేదు, ఏం చేయాలి?

"చాప", "చలి", "చుక్క" అని మామూలుగా అనండి. "చిలక"లోని 'చ' కాదు, నాలుక పళ్ల వెనక తగిలే 'చ'. పాత పుస్తకాల్లో దానికి 'ౘ' అని వేరే అక్షరమే ఉండేది. "త్సుకి" (చంద్రుడు) అనేటప్పుడు ఆ 'ౘు'తో మొదలుపెట్టండి, సరిపోతుంది. "జల్లు", "జాము"లోని 'జ' కూడా అలాగే వాళ్ల 'జ' వరసకి దగ్గర. 'ఫు' మాత్రం కొత్తది: పై పళ్లు కింది పెదవికి తగలకూడదు, దీపం ఆర్పేటట్టు మెల్లగా ఊదాలి.

"దెసు", "మసు" చివర 'ఉ' దాదాపు వినపడదు. "దెస్", "మస్" అన్నట్టు ఉంటుంది. మాట చివరి అచ్చు పూర్తిగా పలకడం మన అలవాటు, అది ఇక్కడ కొంచెం తగ్గించుకోవాలి.

దీర్ఘం, ద్విత్వం తప్పితే అంత తేడా వస్తుందా?

వస్తుంది. "ఒబసన్" అంటే అత్తయ్యో పిన్నో, "ఒబాసన్" అంటే అమ్మమ్మో నానమ్మో. "యుకి" మంచు, "యూకి" ధైర్యం. "కితె" అంటే వచ్చి, "కిత్తె" అంటే తపాలా బిళ్ల. "పాలు, పలు", "అక, అక్క" మధ్య తేడా తెలిసిన చెవికి ఇది కష్టం కాదు.

తేదీల్లో ఒకటుంది: నెలలో 4వ తేదీ "యొక్క", 8వ తేదీ "యోక". నాలుగో తేదీకి మన "యొక్క"ని ఉన్నదున్నట్టు అంటే చాలు. మా గుంపులో ఈ ఒక్కటి ఎవరూ మర్చిపోలేదు.

పిచ్ యాక్సెంట్ (మాటలో స్వరం పైకి, కిందికి వెళ్లడం) గురించి టెన్షన్ పడాలా?

మొదటి ఏడాది వద్దు. టోక్యో పలుకుబడిలో "అమె" మొదటి అక్షరం పైకి వెళ్తే వాన, రెండోది పైకి వెళ్తే మిఠాయి. ఇలాంటి తేడా ఉందని తెలిసి ఉంటే చాలు. ఆడియో వినకుండా కొత్త మాట నేర్చుకోకపోతే అది దానంతట అదే చాలావరకు పడుతుంది.

## మాటలు

రోజుకి 50 మాటలు బట్టీ పడుతున్నాను, వారం తిరిగేసరికి అన్నీ మర్చిపోతున్నాను. ఎందుకు?

మీ జ్ఞాపకశక్తిలో లోపం లేదు. కొత్తగా నేర్చుకున్నది తిరిగి తలుచుకోకపోతే మొదటి రోజుల్లోనే వేగంగా జారిపోతుందని జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే రాశారు. మర్చిపోబోయే ముందు ఒకసారి గుర్తు చేసుకుంటే తర్వాత మరిన్ని రోజులు నిలుస్తుంది. ఆ లెక్క మీద నడిచేదే ఆంకి యాప్. కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం. ఆ పేరు "అన్కి" అనే జపనీస్ మాట, అర్థం కంఠస్థం.

రోజుకి 10 కొత్త మాటలు చాలు. 80 రోజులకి 800 అవుతాయి, ఎన్5కి మామూలుగా చెప్పే సంఖ్య అంతే. కొత్త మాటలు పెంచాలనిపించినప్పుడు పాతవాటి రివ్యూ ఎంతసేపు పడుతోందో చూడండి. 15 నిమిషాలు దాటుతుంటే కొత్తవి ఆపేసి, ముందు పాతవి తేల్చుకోండి.

నేను మొదట చేరిన కోచింగ్ సెంటర్‌లో నెలకి 600 మాటల జాబితా చేతిలో పెట్టారు. జపనీస్ ఒకవైపు, ఇంగ్లిష్ ఇంకోవైపు. అందులో "యకుసొకు" పక్కన "ప్రామిస్" అని ఉంది. నేను ఒట్టు, ప్రమాణం అనుకున్నాను. తర్వాత ఎవరో "క్యో వ యకుసొకు గ అరిమసు" అంటే, ఈ మనిషి ఈరోజు ఏం ఒట్టు పెట్టుకున్నాడా అని కంగారు పడ్డాను. ఆయన చెప్పింది, ఈరోజు ఒకళ్లని కలుస్తానని ముందే మాట అనుకున్నాను అని. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది. ముందువైపు "తొమొదచి తొ యకుసొకు గ అరిమసు" అనే వాక్యం, వెనకవైపు "ఫ్రెండ్‌ని కలుస్తానని మాట అనుకున్నాను". విడిమాటకి కార్డు చేయకండి, చిన్న వాక్యానికి చేయండి.

కార్డు వెనక ఇంగ్లిష్ రాయాలా, తెలుగు రాయాలా?

తెలుగే. ఇంగ్లిష్ "వేర్" అనే ఒక్క మాటకి జపనీస్‌లో చాలా ఉన్నాయి. చొక్కాకి "కిరు", ప్యాంటుకీ చెప్పులకీ "హకు", టోపీకి "కబురు", కళ్లద్దాలకి "కకెరు". ఇంగ్లిష్ నుంచి చూస్తే ఇదో పెద్ద గందరగోళం. మనం మాత్రం చొక్కా తొడుక్కుంటాం, చీర కట్టుకుంటాం, కళ్లద్దాలు పెట్టుకుంటాం. వస్తువుని బట్టి క్రియ మారడం మనకి వింత కాదు. హద్దులు వేరుగా ఉంటాయి, అంతే.

తేడాలు కూడా తెలుగు పక్కన పెడితేనే బాగా కనిపిస్తాయి. మనం సిగరెట్ తాగుతాం, వాళ్లు పీలుస్తారు ("సూ"). మనం మాత్ర వేసుకుంటాం, వాళ్లు తాగుతారు ("నొము").

కతకాన మాటలు ఇంగ్లిషే కదా, వింటే ఎందుకు అర్థం కావు?

ఇంగ్లిష్ చెవితో వింటున్నారు కాబట్టి. మన పెద్దవాళ్లు పలికే ఇంగ్లిష్ చెవితో వినండి. హల్లుతో ఆగే మాటకి మనం 'ఉ' తగిలిస్తాం: బస్సు, సూపు, టేపు, కప్పు, గ్రూపు. వాళ్లూ అదే చేస్తారు: బసు, సూపు, తేపు, కప్పు, గురూపు. రెండు మాటలు అచ్చంగా ఒకటే. 'ట', 'డ' దగ్గర మాత్రం 'ఒ' వస్తుంది: నోటు "నోతొ", బెడ్డు "బెద్దొ". అమ్మమ్మ "టిక్కెట్టు" అన్నట్టు అనబోయి కొంచెం మారిస్తే "చికెత్తొ" వచ్చేస్తుంది.

కిరకిర, దొకిదొకి లాంటి జంట మాటలు నేర్చుకోవాలా, వదిలేయవచ్చా?

వదలకండి. ఇవి పిల్లల మాటలు కావు. డాక్టర్‌కి నొప్పి చెప్పాలన్నా ఇవే కావాలి. తెలుగు పక్కన పెట్టి నేర్చుకుంటే ఒక్క సాయంత్రంలో ఇరవై వస్తాయి. "కిరకిర" మిలమిల, "పికపిక" తళతళ, "దొకిదొకి" గుండె దడదడ, "పెరపెర" గడగడా మాట్లాడటం, "గొరొగొరొ" ఉరుము గుడగుడ. "జాజా" ధారగా కురిసే వాన, "పొత్సుపొత్సు" ఒక్కో చినుకు పడటం. ఇంగ్లిష్‌లో ఇవి వివరించడానికి ఒక్కోదానికి ఒక వాక్యం పడుతుంది. మనకి ఇలాంటి మాటలు బోలెడు ఉన్నాయి.

ఒకే కంజీకి రెండు మూడు చదువులు (పలికే తీరులు) ఎందుకు? ఏది ఎప్పుడు?

నీళ్లు, జలం. కొండ, పర్వతం. నిప్పు, అగ్ని. ఒకే అర్థానికి మనకి ఇంట్లో మాట ఒకటి, సంస్కృతం నుంచి వచ్చింది ఒకటి ఉంటాయి. విడిగా "నీళ్లివ్వు" అంటాం, సమాసంలోకి వచ్చేసరికి జలపాతం, జలాశయం అంటాం. జపనీస్‌లో సంస్కృతం స్థానంలో చైనీస్ ఉంది. నీళ్ల కంజీ విడిగా ఉంటే "మిజు", జంటలో "సుఇ". కొండ విడిగా "యమ", జంటలో "సన్". నిప్పు విడిగా "హి", జంటలో "క".

ఇప్పుడు నిప్పు కంజీ, కొండ కంజీ పక్కపక్కన రాస్తే "కజన్" ('సన్' జంటలో 'జన్' అయింది). అర్థం అగ్నిపర్వతం. మనం నిప్పుకొండ అనకుండా అగ్నిపర్వతం అన్నట్టే, వాళ్లు అక్కడ ఇంటి మాట వాడకుండా బయటినుంచి వచ్చిన మాట వాడారు. "ఫుజిసన్"లో 'సన్' అంటే 'గారు' కాదు, పర్వతం.

వాడుక ఇలా: కంజీ ఒంటరిగానో, పక్కన హిరగాన తోకతోనో ఉంటే ఎక్కువగా ఇంటి చదువు, రెండు కంజీలు కలిసి ఉంటే ఎక్కువగా చైనీస్ చదువు. మినహాయింపులు ఉన్నాయి, మాటతో పాటే పట్టుబడతాయి. అందుకే కంజీకి ఉన్న చదువులన్నీ జాబితాగా బట్టీ పట్టొద్దు. కంజీకి రెండు మాటలు నేర్చుకోండి, చదువులు వాటంతట అవే వస్తాయి. రోజువారీ వాడకానికి ప్రభుత్వం నిర్ణయించిన జాబితాలో 2,136 కంజీలున్నాయి. ఆ సంఖ్య చూసి బెదరకండి, మొదటి 300తోనే ఎన్4 దాకా నడవచ్చు.

వారాల పేర్లు ఎలా గుర్తుపెట్టుకోవాలి?

రెండు చోట్లా వారాలు అవే ఏడు గ్రహాల మీద, అదే వరసలో ఉన్నాయి. మంగళవారం "కయోబి": నిప్పు కంజీ, అంగారకుడి పేరు "కసెఇ". బుధవారం "సుఇయోబి": నీళ్ల కంజీ, బుధగ్రహం "సుఇసెఇ". గురువారం చెట్టు, శుక్రవారం లోహం, శనివారం మట్టి. సోమవారం చంద్రుడు, ఆదివారం సూర్యుడు, మనలాగే.

మనుషుల్ని, వస్తువుల్ని వేరువేరుగా లెక్కపెట్టడం గందరగోళంగా ఉంది.

మనుషులకి ఒకరు, ఇద్దరు, ముగ్గురు. వస్తువులకి ఒకటి, రెండు, మూడు. మనకి ఈ విభజన ఉంది. "హితొరి, ఫుతరి, సన్‌నిన్" ఆ ఒకరు, ఇద్దరు, ముగ్గురే. వాళ్లు వస్తువుల్ని కూడా ఆకారాన్ని బట్టి విడదీస్తారు: పొడవాటివాటికి "హొన్", పల్చటివాటికి "మఇ". మొదట్లో మనుషులు, "హొన్", "మఇ", అన్నిటికీ పనికొచ్చే "హితొత్సు, ఫుతత్సు" వరస నేర్చుకోండి. మిగతావి అవసరం పడినప్పుడు చాలు.

## వ్యాకరణం

పేరు తర్వాత పెట్టే 'వ', 'గ' తేడా ఎన్నిసార్లు చదివినా తెలియట్లేదు.

నిర్వచనం పక్కన పెట్టి రెండు వాక్యాలు చూడండి. "ఎవరొచ్చారు?" అని అడిగితే "రవిసన్ గ కిమశిత", అంటే "రవే వచ్చాడు" లేదా "వచ్చింది రవి". "రవి సంగతేంటి?" అంటే "రవిసన్ వ కిమశిత", అంటే "రవి అయితే వచ్చాడు". కొత్త సమాచారం 'గ' ముందు కూర్చుంటుంది. ముందే తెలిసిన సంగతి 'వ' ముందు కూర్చుంటుంది.

ఇంకో 'గ' ఉంది, దాని దగ్గర ఇంగ్లిష్ మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. "నిహొంగొ గ వకరిమసు", "మిజు గ హొశీ". ఇంగ్లిష్‌లో జపనీస్, నీళ్లు కర్మలు కాబట్టి అక్కడ 'ఒ' (మన 'ని') పెట్టాలనిపిస్తుంది. తెలుగులో చెప్పండి: "జపనీస్ అర్థమవుతుంది", "నీళ్లు కావాలి". ఎక్కడా 'ని' లేదు. జపనీస్‌లో కూడా అందుకే 'ఒ' ఉండదు.

తె-రూపం దగ్గర ఆగిపోయాను. దీని అవసరం నిజంగా అంత ఉందా?

ఉంది. మొత్తం ప్రాథమిక వ్యాకరణంలో మీరు వారం రోజులు ఆగి కూర్చోవాల్సిన చోటు ఇదొక్కటే. 'తె' అంటే మన "చేసి, తిని, వెళ్లి". అది అర్థమైతే దాని వెనక వచ్చే సహాయక క్రియలు చాలా వరకు తెలుగులో ముందే ఉన్నాయి.

"తబెతె మిరు": తిని చూడు. 'మిరు' అంటే చూడటమే. "మొత్తె కురు": పట్టుకుని రావడం, అంటే పట్టుకురావడం. "మొత్తె ఇకు": పట్టుకుపోవడం. "కైతె ఒకు": రాసి పెట్టడం. 'ఒకు' అంటే పెట్టడమే, మనం తర్వాతి అవసరానికి "రాసిపెట్టు" అన్నప్పుడు వాడే 'పెట్టు'. "వసురెతె శిమత్త": మర్చిపోయాను. చేజారిపోయిందన్న భావం మన 'పోయాను'లో ఉన్నట్టే వాళ్ల 'శిమత్త'లో ఉంది.

'తె'కి మార్చే నియమాలకి పట్టిక బట్టీ పట్టకుండా, రోజూ వాడే 15 క్రియలు తీసుకుని పొద్దున లేచిన దగ్గర్నుంచి మీరు చేసే పనులు ఒకే వాక్యంగా పైకి చెప్పండి: లేచి, మొహం కడుక్కుని, కాఫీ తాగి, బస్సెక్కి, ఆఫీసుకి వెళ్తాను. వారం రోజులు అలా చెప్తే నోరు తిరుగుతుంది.

పొడవాటి వాక్యాలు ఎలా కట్టాలి? "హూ", "విచ్" లాంటివి లేవు కదా.

అవి మనకీ లేవు. "నిన్న కొన్న పుస్తకం" అంటాం, "కినో కత్త హొన్". "అమ్మ చేసిన పప్పు" అన్నట్టే విశేషణ వాక్యం మొత్తం ముందు వచ్చి నామవాచకానికి ఆనుకుంటుంది. అలాగే 'తొ' అంటే 'అని': "ఇకు తొ ఇత్త", వెళ్తానని అన్నాడు. "ఇకు తొ ఒమొఉ", వెళ్తాడని అనుకుంటున్నాను. ఇంగ్లిష్ పుస్తకంలో ఈ రెండు పాఠాలకి పేజీలు పేజీలు పడతాయి. మీరు ఉదాహరణలు చదివి ముందుకెళ్లిపోండి.

'ని', 'దె' రెండూ 'లో' అనే అర్థమే కదా, ఎలా ఎంచుకోవాలి?

ఇది తెలుగు సాయం చేయని చోటు. మన 'లో' రెండిటినీ మింగేస్తుంది. ఉండటం అయితే 'ని': "హైదరాబాద్‌లో ఉంటున్నాను". పని జరగడం అయితే 'దె': "హైదరాబాద్‌లో చదువుతున్నాను". చేసేముందు "ఉందా, జరుగుతోందా?" అని ఒకసారి మనసులో అడిగి చూసుకోండి. "బస్సులో వెళ్లాను"కి కూడా 'దె'నే.

జపనీస్ క్రియలో నేను, నువ్వు, వాడు తేడా లేదు. ఎవరి గురించో ఎలా తెలుస్తుంది?

మనం "వచ్చాను, వచ్చావు, వచ్చింది" అని తోకలోనే మనిషిని చెప్పేస్తాం, కాబట్టి కర్తని హాయిగా వదిలేస్తాం. వాళ్లకి తోక లేదు, అయినా కర్తని వదిలేస్తారు. ఆ పని అక్కడ ఇచ్చిపుచ్చుకునే క్రియలు చేస్తాయి. "కురెరు" అంటే నాకో, నా వాళ్లకో ఇవ్వడం. "అగెరు" అంటే నా వైపు నుంచి బయటికి ఇవ్వడం. "ఒశిఎతె కురెమశిత" అన్నారంటే, పేరేదీ లేకపోయినా, ఎవరో నాకు చెప్పిపెట్టారని అర్థం. ఈ రెండు క్రియల దిశ పట్టుకుంటే చదవడం, వినడం రెండూ తేలికవుతాయి.

గౌరవ భాష మనకి అలవాటే కదా, కెఇగొ ఎందుకు కష్టం?

'సన్'ని పేరు చివర పెట్టడం, తన పేరుకి తాను పెట్టుకోకపోవడం, ఇవి మన 'గారు' లాగే. చిక్కు ఇంకోచోట ఉంది. మనం బయటివాళ్లతో "మా నాన్నగారు వచ్చారు" అంటాం, అది మర్యాద. జపనీస్‌లో బయటివాళ్లతో మాట్లాడేటప్పుడు సొంతవాళ్లని తగ్గించి చెప్పాలి: తండ్రి "చిచి" అవుతాడు, "ఒతోసన్" కాదు. కంపెనీ బయటివాళ్లకి ఫోన్‌లో మీ మేనేజర్ గురించి చెప్పేటప్పుడు ఆయన పేరు చివర 'సన్' తీసేయాలి. మనసొప్పదు, నాకైతే చాలా రోజులు నోరు రాలేదు. ఎదుటివాళ్లు బయటివాళ్లా, మనవాళ్లా అన్నదే అక్కడ లెక్క.

## వినడం

మాటలన్నీ తెలిసినవే, కానీ మాట్లాడితే ఒక్క ముక్క అర్థం కాదు. ఏం చేయాలి?

పుస్తకంలో ఉన్నట్టు ఎవరూ మాట్లాడరు. తెలుగు నేర్చుకునేవాళ్లెవరైనా "ఏమి చేస్తూ ఉన్నావు" అని చదువుకుని వస్తే, మనం "ఏంచేస్తున్నావ్" అంటాం. అక్కడా అంతే. "నని ఒ శితె ఇరు నొ" కాస్తా "నని శితెరు నొ" అవుతుంది. "తబెతె శిమత్త", "తబెచత్త" అవుతుంది. "ఇకనకెరెబ" (వెళ్లకపోతే, వెళ్లాలి), "ఇకనక్య" అవుతుంది. ఇలాంటి కుదింపులు పదిహేను దాకా నేర్చుకుంటే సగం తెర తొలగుతుంది.

మిగతా సగానికి నేను చేసే పద్ధతి ఇది. ఒక్క నిమిషం ఆడియో, అంతకంటే వద్దు. మొదట రాత చూడకుండా మూడుసార్లు వినండి. తర్వాత విన్నది విన్నట్టు తెలుగు లిపిలో రాయండి, అర్థం కాని చోట శబ్దం మాత్రం రాసి గీత పెట్టండి. అప్పుడు అసలు రాత చూడండి. గీత పెట్టిన చోట్లలో కొన్ని తెలియని మాటలు, కొన్ని తెలిసిన మాటలే కలిసిపోయినవి. రెండో రకం కింద ఎర్రగీత గీయండి. మీ చెవికి ఏ చోట అడ్డు పడుతోందో అక్కడుంది. చివరగా ఆడియోతో పాటు, అర సెకను వెనకగా, పైకి అనండి. నా మొదటి నోటుబుక్కులో పేజీకి పది పన్నెండు ఎర్రగీతలుండేవి. రెండు నెలలకి మూడు నాలుగుకి దిగాయి.

యానిమే చూస్తే జపనీస్ వచ్చేస్తుందా? సబ్‌టైటిల్స్ పెట్టాలా?

ఇష్టం నిలబడుతుంది, చెవి అలవాటు పడుతుంది. అది చిన్న విషయం కాదు. కానీ ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉన్నంతసేపు మీరు ఇంగ్లిష్ చదువుతున్నారు, జపనీస్ వినట్లేదు. జపనీస్ సబ్‌టైటిల్స్ పెట్టండి, లేదా ఒక సీన్ మళ్లీ అవి లేకుండా చూడండి. యుద్ధాలు, మాయలు ఉన్నవాటికంటే స్కూలు, ఇల్లు, కుటుంబం నేపథ్యంలో ఉన్నవి మేలు. "ఒరె" (మొరటుగా నేను), "ఒమఎ" (మొరటుగా నువ్వు) లాంటివి అక్కడ వినపడతాయి. ఆఫీసులో వాడకండి. కొత్తవాళ్లతో "ఒరేయ్, నువ్వు" అన్నట్టుంటుంది.

మొదటి దశకి జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే వరల్డ్ ఉచిత పాఠాలు మంచివి. హిందీలో, ఇంగ్లిష్‌లో కూడా వివరణ ఉంటుంది.

పెద్ద అంకెలు వింటే బుర్ర ఆగిపోతుంది.

వాళ్లు పదివేల దగ్గర కొత్త మాట మొదలుపెడతారు: "మన్". దాన్ని ఇంగ్లిష్ థౌజండ్, మిలియన్‌లోకి మార్చకండి. నేరుగా లక్షల్లోకి రండి. లక్ష "జూమన్", పది లక్షలు "హ్యకుమన్", కోటి "ఇస్సెన్‌మన్", పది కోట్లు "ఇచిఒకు". జీతం "నిజూగొమన్" అన్నారంటే రెండున్నర లక్షల యెన్. దుకాణాల ధరలు, అద్దెలు చూసి రోజుకి ఐదు పైకి చదవండి.

నేను మాట్లాడుతుంటే వాళ్లు "హఇ, హఇ" అంటారు. ఒప్పుకున్నట్టేనా?

కాదు, ఊ కొడుతున్నారు. కథ చెప్పేటప్పుడు పిల్లలు ఊ కొట్టకపోతే మనం ఆగిపోతాం కదా, అదే. దానికి వాళ్ల మాట "అఇజుచి". మీరు వినేటప్పుడు కూడా "హఇ", "సో దెసు నె" అంటూ ఉండండి. మౌనంగా ఉంటే, ముఖ్యంగా ఫోన్‌లో, లైన్ పోయిందనుకుంటారు. ఒప్పుకోలు కావాలంటే చివరి వాక్యం దాకా ఆగండి. "చొత్తొ..." అని సాగదీసి ఆపేశారంటే, కుదరదని చెప్పినట్టు.

## పరీక్ష దగ్గర

జేఎల్‌పీటీలో పాస్ మార్కులు ఎంత? లిజనింగ్ పోతే ఫెయిలేనా?

ఎన్5 నుంచి ఎన్1 దాకా ఐదు స్థాయిలు. జూలైలో, డిసెంబర్‌లో జరుగుతుంది. 180కి ఎన్5లో 80, ఎన్4లో 90 రావాలి. దాంతో పాటు విభాగం వారీగా కనీస మార్కులు ఉన్నాయి: ఈ రెండు స్థాయిల్లో లిజనింగ్‌లో 60కి 19, మిగతా భాగంలో 120కి 38. మొత్తం 130 వచ్చినా లిజనింగ్‌లో 18 అయితే ఫెయిలే. మా గుంపులో ఒకమ్మాయికి ఇలాగే జరిగింది. వ్యాకరణంలో అందరికంటే ముందుండేది, ఆరు నెలలు మళ్లీ ఆగాల్సి వచ్చింది. తర్వాతి ఆరు నెలలూ తను రోజూ పొద్దున బస్సులో వినేది.

లిజనింగ్ పేపర్లో ఒక ప్రశ్న మిస్సయితే వరసగా అన్నీ పోతున్నాయి.

ఆడియో ఒక్కసారే వస్తుంది, వెనక్కి తిప్పరు. మిస్సయిన ప్రశ్నకి ఏదో ఒకటి దిద్దేసి వెంటనే వదిలేయండి. నెగెటివ్ మార్కులు లేవు. ఇంకొకటి: సంభాషణలో మొదట వినపడిన జవాబు చాలాసార్లు మధ్యలో మారుతుంది. "దెమొ" (కానీ), "యప్పరి" (ఆలోచిస్తే అదే నయం), "జా" (అయితే సరే) అన్న మాటల తర్వాత చెవి రిక్కించండి, జవాబు ఎక్కువగా అక్కడే ఉంటుంది.

స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసాకి వెళ్లాలనుకుంటున్నాను. జేఎల్‌పీటీ తప్పనిసరా?

2019 ఏప్రిల్‌లో మొదలైన ఈ వీసాకి ఎక్కువ రంగాల్లో భాష విషయంలో రెండు దారులున్నాయి: జేఎల్‌పీటీ ఎన్4, లేదా కంప్యూటర్ మీద రాసే జేఎఫ్‌టీ-బేసిక్. దీనిలో 250కి 200 రావాలి. వృద్ధుల సంరక్షణ రంగానికి వెళ్లేవాళ్లు ఆ పనికి సంబంధించిన జపనీస్ పరీక్ష కూడా రాయాలి. ఏ పరీక్ష రాసినా నోటితో మాట్లాడించరు కాబట్టి, సర్టిఫికెట్ వచ్చాక కూడా మాట్లాడటం విడిగా సాధన చేయాలి. సంరక్షణ పనికైతే, నొప్పి ఎక్కడుందో అడగడం, భోజనం తిన్నారా అని అడగడం, పడకుండా పట్టుకుంటున్నానని ముందే చెప్పడం, ఇలాంటి యాభై వాక్యాలు నిద్రలో లేపినా వచ్చేలా ఉంచుకోండి.

ఎన్4 పాసయ్యాను, ఎన్3 దగ్గర ఏడాదిగా కదలట్లేదు.

ఇక్కడ పుస్తకం పాఠాల దారి అయిపోతుంది, కాబట్టి చాలామందికి ఇలాగే అనిపిస్తుంది. కొత్త వ్యాకరణ జాబితా ఇంకొకటి మొదలుపెట్టకండి. మీకు తెలుగులో బాగా తెలిసిన విషయం ఒకటి ఎంచుకుని అందులోకి దిగండి: క్రికెట్ కాదు, అక్కడ తక్కువ. వంట, వ్యవసాయం, రైళ్లు, బైకు రిపేరు, ఏదైనా సరే. మా గుంపులో ఒకాయన వరి సాగు వీడియోలు మాత్రమే చూస్తాడు. నారు "నఎ", నాట్లు "తఉఎ", వరిపొలం "తంబొ", కోత "ఇనెకరి". విషయం ముందే తెలుసు కాబట్టి తెలియని మాట వచ్చినా అర్థం ఊహకి అందుతుంది, ఆ ఊహ నిజమైనప్పుడు మాట గట్టిగా నిలుస్తుంది. నాలుగు నెలలు వారానికి మూడు వీడియోలు చూసి, ఒక్కోదాంట్లో ఒక నిమిషం మాత్రం విన్నది విన్నట్టు రాసేవాడు. డిసెంబర్‌లో ఎన్3 పాసయ్యాడు. ఇప్పుడు పురుగుమందుల డబ్బాల మీద రాతలు చదువుతున్నాడు.